జిల్లా యంత నగరము: రొవానియెమి

పట్టణమనగానే మన మనస్సునకు తోచునవి క్రిక్కిరిసిన యిండ్లు, సందులు, అంగళ్లు, జనసమ్మర్దము. ఊరు దాటిన పిమ్మట పొలములు వచ్చును. వీధి పట్టణమునది, పొలము పల్లెది అని మనము లెక్క వేసికొందుము. ఈ లెక్కకు లొంగని నగరమొకటి యూరపు ఖండమున ఉత్తరపు కొనయందలి ఫిన్లాండు దేశములో కలదు. దాని పేరు రొవానియెమి. ఆ నగరపు హద్దులలోని విస్తీర్ణము సుమారు 8,000 చదరపు కిలోమీటర్లు. 2022లో జిల్లాల విభజన జరుగుటకు పూర్వమున్న మన పశ్చిమ గోదావరి జిల్లా విస్తీర్ణము 7,742 చదరపు కిలోమీటర్లు. అనగా ఆ యొక్క నగరము మన జిల్లా కంటె కొంచెము పెద్దది. కాని 2011 జనాభా లెక్కలలో పశ్చిమ గోదావరియందు 39 లక్షలకు పైగా జనులుండగా, రొవానియెమి నివాసులు నేడు సుమారు 65 వేలు మాత్రమే. మనకు చదరపు కిలోమీటరునకు 500 మంది యుండగా వారికి ఎనమండుగురు.

అంతటి విశాలమైన చలిదేశమున ఇంత కొద్దిమంది యెట్లు బ్రదుకుచున్నారు? బడి, బాట, మంచినీరు, మేతభూమి మొదలగు వానినెవరు చూతురు? జనము తక్కువై దూరము ఎక్కువైన చోట ఒంటరి మనుష్యుడు నిలువజాలడు. కావున వారు పెక్కు పనులను ఉమ్మడి లెక్కపై నడపుకొనుట నేర్చిరి. ఒక్క నది విషయమున మాత్రము ఆ లెక్క తప్పినది. ఈ రెండు సంగతులును మన సంఘముల సభ్యులు తెలిసికొనదగినవి యగుటచే ఇచ్చట వివరించుచున్నాము.

నదులును ఋతువులును

రొవానియెమి రెండు నదుల సంగమమున వెలసిన యూరు. అందు పెద్దది కెమి నది. సుమారు 550 కిలోమీటర్ల పొడవు గల ఈ నది ఫిన్లాండులోని నదులన్నిటిలో దీర్ఘమైనది. ఇది నైరృతి దిశగా ప్రవహించి కెమి యను రేవుపట్టణము వద్ద బోత్నియా సింధుశాఖలో కలియును. రెండవది ఔనాస్ నది. ఇది ఉత్తరమునుండి సుమారు 300 కిలోమీటర్లు పారి వచ్చి రొవానియెమి వద్ద కెమి నదిలో చేరును. నగరమధ్యము ఈ సంగమము నానుకొని యున్నది. అచ్చటికి సుమారు ఎనిమిది కిలోమీటర్లు ఉత్తరమున ఉత్తర ధ్రువవృత్తము పోవుచున్నది. తక్కిన నగరమనగా అడవులు, చిత్తడి నేలలు, సరస్సులు, ఏటిగట్ల వెంబడి దూరదూరముగా నున్న పల్లెలు.

జూన్ మాసమున ఆరంభించి సుమారొక నెల అచ్చట సూర్యుడస్తమింపడు. డిసెంబరు చివర పగలు రెండు గంటలకు కొంచెము మించి యుండును. చలి ముదిరినప్పుడు ఉష్ణమానము సున్నకు 30 డిగ్రీలు దిగువకు పోవుట వింత కాదు. కొన్ని యేండ్లలో 40 డిగ్రీలకును దిగును. నదులు గడ్డకట్టి మే నెల వఱకు అట్లే యుండును. ఆ మంచు పగిలి కదలినప్పుడు వరద వచ్చును. మనము తొలకరికై యెదురు చూచినట్లు వారు ఆ మంచు కదలుటకై యెదురు చూతురు.

అట్టి నేలలో వరి, చెఱకు, ప్రత్తి మాట లేదు. గడ్డియే ప్రధానమైన పంట, పాడియే ప్రధానమైన వ్యవసాయము. వేసవిలో రాత్రింబగళ్లు వెలుతురుండుటచే గడ్డి త్వరగా పెరుగును. దానిని కోసి దాచి సంవత్సరములో అధికభాగము పశువులను కొట్టములలోనే మేపవలెను. ఆ వేసవి వర్షములలో గడ్డి చెడెనేని చలికాలమంతయు కష్టమే. బంగాళాదుంప వారికి రెండవ ఆధారము. లాప్లాండు ప్రాంతమున పండు సన్నని, పొడవైన, పసుపుపచ్చని దుంప యొకటి కలదు. దాని పేరు పుయికుల. ఆ ప్రాంతమున పండిన దానికే లాప్లాండు పుయికుల యను పేరు చెల్లునట్లు యూరపు దేశముల కూటమి 1997లో రక్షణ కల్పించినది. మన దేశమున బంగినపల్లి మామిడికి భౌగోళిక సూచిక లభించుట వంటిదే యిది. చిన్న రైతు పండించిన సరకునకు పేరే పెట్టుబడి యని దీనివలన తెలియుచున్నది.

సహకారోద్యమపు పుట్టుక

ఫిన్లాండులో సహకారము మన దేశమున కంటె కొలది యేండ్లు ముందుగా మొదలైనది. ఆ దేశము అప్పుడు రష్యా చక్రవర్తి యేలుబడిలో నుండెను. 1899లో చక్రవర్తి యొక ప్రకటనచే ఆ దేశపు స్వపరిపాలన హక్కులను కుదించెను. ఆ సంవత్సరమే హన్నెస్ గెభార్డ్ అను పండితుడు మఱికొందఱతో కూడి పెల్లెర్వో యను సహకార ప్రచార సంస్థను స్థాపించెను. 1901లో సహకార సంఘముల చట్టము వచ్చినది. 1902లో పల్లెల పరపతి సంఘములకు కేంద్ర బ్యాంకును, 1905లో వెన్నను విదేశములకమ్ము పాలసంఘముల కూటమియగు వాలియోయును ఏర్పడినవి. మన దేశమున సహకార పరపతి సంఘముల చట్టము 1904లో వచ్చినదని పాఠకులెఱుగుదురు. మన పరపతి సంఘములకును వారి పరపతి సంఘములకును మూలము ఒక్కటే. జర్మనీలో రైఫైజన్ చూపిన మార్గమును ఇరువురును అనుసరించిరి. ఒక యూరివారు ఒకరినొకరు ఎఱిగియుండుటయే హామీగా అప్పు తెచ్చుకొను పద్ధతి గోదావరి గట్టునకును, ధ్రువవృత్తపు టడవికిని ఇంచుమించుగా ఒకే కాలమున చేరినది.

మందకును ఉమ్మడి లెక్క

ఆ ప్రాంతపు ప్రత్యేకమైన పశువు రెయిండీరు. ఇది మంచుదేశపు జింకజాతి జంతువు. మాంసమునకు, చర్మమునకు దానిని పెంచుదురు. పూర్వము బండి లాగుటకును వాడిరి. ఇది కట్టుకొయ్యకు కట్టి మేపు పశువు కాదు. అడవిలో స్వేచ్ఛగా తిరుగును. ఒకని పశువు మఱొకని మందలో కలియును, ఎవరి చేలోనైనను పడును. అందుచేత ఒంటరిగా దీనిని పెంచుట యసాధ్యము.

ఈ చిక్కునకు వారు కనుగొన్న యుపాయము మేతసంఘము. ఫిన్లాండులో రెయిండీరును పెంచు ప్రదేశమంతయు 54 మేతసంఘములుగా విభజింపబడినది. రెయిండీరు గల ప్రతివాడును తన ప్రాంతపు సంఘమున సభ్యుడై తీరవలెను. ప్రతి యజమానికిని ఒక చెవిగుర్తు కలదు. వేసవిలో దూడ తల్లి వెంట నుండగనే దాని చెవికి ఆ గుర్తు కోయుదురు. ఆ గుర్తులన్నియు చిట్టాకెక్కి యుండును. శరదృతువు మొదలుకొని మందలను ఆవరణములలోనికి తోలి, లెక్కించి, అమ్మదగినవానిని వేఱుచేసి, మిగిలినవానిని విడుతురు. మందలను కాచుటకును, కంచెలకును అగు వ్యయమును తల కింత యని పశువుల సంఖ్యనుబట్టి సభ్యులు భరింతురు. పది గలవాడు పదింటికి, నూఱు గలవాడు నూఱింటికి చెల్లించును.

ఇందు మనకు మిక్కిలి ఉపయోగించు నియమములు రెండు కలవు. మొదటిది పరిమితి. చలికాలమున ఈ జంతువులు మంచును గిట్టలతో త్రవ్వి నేలనంటిన తెల్లని పాచివంటి మొక్కను తినును. అది ఒకసారి పోయినచో మరల పెరుగుటకు పెక్కేండ్లు పట్టును. కావున ఏ సంఘమునందెన్ని రెయిండీరులుండవచ్చునో ప్రభుత్వము నిర్ణయించును. దేశమంతటికిని కలిపి పరిమితి సుమారు రెండు లక్షలు. ఏ సభ్యుడును దక్షిణపు సంఘములలో 300కు, ఉత్తరపు సంఘములలో 500కు మించి ఉంచుకొనరాదు. ధనికుడొకడు మేతభూమి నంతయు తన మందతో నింపుకొనుటకు ఇట్లు వీలు లేకపోయినది. రెండవది నష్టపరిహారము. రెయిండీరు రైతు చేలో పడి మేసినచో, ఆ పశువెవరిదని వెదకుచు రైతు తిరుగనక్కఱలేదు. సంఘమే పరిహారమునకు బాధ్యత వహించును. మన గ్రామములలో పశువు పరుల చేలో పడినప్పుడు జరుగు తగవులు, బందెలదొడ్డి వ్యాజ్యములు తలచుకొన్నచో ఈ నియమపు విలువ తెలియును.

స్వీడను, నార్వే దేశములలో రెయిండీరు పెంపకము చాలవఱకు ఆ ఉత్తర ప్రాంతపు ఆదిమ జాతియగు సామీల హక్కుగా నున్నది. ఫిన్లాండులో సామీలును, ఆ ప్రదేశమున స్థిరనివాసము గల ఇతర రైతులును దీనిని చేయవచ్చును. సామీల స్వస్థలము రొవానియెమికి ఇంకను ఉత్తరమున నున్నది.

బాటలు, అడవులు, అంగళ్లు

ఫిన్లాండు పల్లెలలో ప్రభుత్వపు రహదారి నుండి ఇండ్లకును పొలములకును పోవు బాటలనేకము ఆ బాటను వాడువారి సొంతము. వారందఱును బాటసంఘముగా నేర్పడి, ఎవరెంత దూరము, ఎంత బరువు నడపుదురో లెక్కించి, దానినిబట్టి వంతులు వేసికొందురు. దుంగల బండ్లు నడుపువాడు ఎక్కువయు, కాలినడకన పోవు వృద్ధురాలు తక్కువయు ఇచ్చును. చలికాలమున మంచును త్రోయించుట ఆ సొమ్ముతోనే. పెక్కు పల్లెలలో మంచినీటికిని ఇట్లే సహకార సంఘములు కలవు. లాప్లాండులో ఉమ్మడి అడవులును కలవు. అందు ఒక్కొక్క కమతమునకు వాటా యుండును. కలప యమ్మకముపై వచ్చు లాభము వాటాలనుబట్టి పంచబడును. నగరములోని అంగళ్ల విషయమునకు వచ్చినచో, ఔలు పట్టణము కేంద్రముగా ఉత్తర ఫిన్లాండు నందంతట పనిచేయు అరీనా యను వినియోగదారుల సహకార సంఘము ఇచ్చట ప్రముఖమైనది.

బూడిదనుండి లేచిన యూరు

నేడు కనబడు రొవానియెమి నగరమధ్యము ఎనుబది యేండ్లనాటిది మాత్రమే. రెండవ ప్రపంచయుద్ధమున జర్మను సేనలు ఉత్తర ఫిన్లాండులో విడిసి యుండెను. 1944 సెప్టెంబరులో ఫిన్లాండు సోవియట్ రష్యాతో సంధి చేసికొని, జర్మనులను వెడలగొట్టుటకు ఒప్పుకొనవలసి వచ్చెను. లాప్లాండు ప్రజలు లక్షమందికి పైగా ఇండ్లు విడిచిరి. అందు సగమునకు పైగా పొరుగున నున్న స్వీడనునకు పోయిరి. పశువులను తోలుకొని నడచినవారు పెక్కుమంది. వెనుకకు పోవుచు జర్మను సేనలు వంతెనలను కూల్చి, ఇండ్లను తగులబెట్టి, నేలలో మందుపాతరలు పాతిపెట్టెను. 1944 అక్టోబరులో రొవానియెమి కాలిపోయెను. పట్టణపు కట్టడములలో పదింట తొమ్మిది వంతులు నాశనమయ్యెను.

తిరిగి వచ్చిన వారికి పొగగొట్టములు మాత్రము నిలిచి కనబడినవి. ప్రసిద్ధ శిల్పియగు అల్వార్ ఆల్టో 1945లో క్రొత్త పట్టణమునకు నమూనా సిద్ధపఱచెను. అందు వీధులు రెయిండీరు కొమ్ములవలె శాఖలై పోవునట్లు గీయబడినవి. 1950 జూన్ మాసమున ఎలినార్ రూజ్వెల్టు ఈ పునర్నిర్మాణమును చూచుటకు వచ్చినప్పుడు ధ్రువవృత్తముపై ఆమె కొఱకు త్వరితముగా ఒక దుంగల కుటీరము కట్టిరి. నేటి యాత్రికుల సందడికి అదియే మొదలు.

నది చెప్పు కథ

ఇంక నది సంగతి. గోదావరి తీరవాసులకు పులస యెట్టిదో కెమి తీరవాసులకు సాల్మను చేప అట్టిది. అది సముద్రమున పెరిగి, గ్రుడ్లు పెట్టుటకై నదికి ఎదురీది తాను పుట్టిన చోటికి వచ్చును. శతాబ్దములుగా తీరమందలి కాపులు కలిసి వరద తీసిన పిమ్మట నదికి అడ్డముగా కొయ్యల దళ్లు కట్టి చేపను పట్టిరి. ఆ దడి కట్టుటకు ఒక యింటి బలము చాలదు. పనియు ఉమ్మడియే, పట్టిన చేపయు ఇండ్ల వాటాలనుబట్టి పంచుకొనుటయే. ఉప్పు వేసిన సాల్మను చలికాలపు ఆహారము, పన్ను కట్టుటకు రొక్కము.

యుద్ధానంతరము ఫిన్లాండు తన తూర్పు భూభాగమును సోవియట్ రష్యాకు వదలుకొనెను. దానితో విద్యుత్కేంద్రములును పోయినవి. కర్మాగారములకును, క్రొత్త యిండ్లకును విద్యుత్తు అత్యవసరమయ్యెను. అందఱి చూపును కెమి నదిపై పడినది. నదీముఖమున ఇసోహారా విద్యుత్కేంద్రము 1940 దశకపు చివర పూర్తియైనది. సాల్మను మార్గము అచ్చటనే మూసికొనిపోయినది. 1954లో ప్రభుత్వము ముఖ్య వాటాదారుగా కెమి నది విద్యుత్ కంపెనీ యేర్పడి, ఒకదాని వెంట ఒకటిగా ఆనకట్టలు కట్టెను. సముద్రమునకును రొవానియెమికిని నడుమ నేడు ఐదు విద్యుత్కేంద్రములు కలవు. ఎగువన లొక్క, పోర్తిపహ్త యను జలాశయముల క్రింద కొన్ని పల్లెలు మునిగినవి. ఫిన్లాండు జలవిద్యుత్తులో సుమారు మూడవ వంతు ఇప్పుడీ నదీమండలమున పుట్టుచున్నది.

ఆ విద్యుత్తు దేశమునకు మేలు చేయలేదని యెవరును అనజాలరు. కాలిన యూళ్లలో దీపములు వెలిగినవి, కర్మాగారములు నడచినవి. కాని మేలు దేశమంతటికిని పంచబడగా, నష్టము ఏటిగట్టు మీది యిండ్లపై పడినది. మందకును, బాటకును, అడవికిని వంతులు వేసికొన్న ఆ దేశమున, చేపకు మాత్రము వంతు వేయకయే నది మూయబడినది. తీరవాసులు దశాబ్దములు న్యాయస్థానముల చుట్టు తిరిగిరి. 1980 దశకమునాటికి గాని కంపెనీపై ఏటేటా చేపపిల్లలను వదలు బాధ్యత స్థిరపడలేదు. అవియు చాలవఱకు నదీముఖమునను, సముద్రమునను ఉపయోగపడునవే గాని ఎగువ పల్లెల దళ్లకు చేరునవి కావు. ఇసోహారా వద్ద చేపలెక్కు మెట్లు 1993లో కట్టబడినవి. అవి దాటిన చేపకు ఇంకను నాలుగు ఆనకట్టలు ఎదురగును.

ఔనాస్ నది కథ వేఱు. దానిపైనను విద్యుత్కేంద్రములు తలపెట్టిరి. ప్రజల యాందోళనముచే 1983లో ప్రత్యేక చట్టము చేసి, ఆ నదిపై విద్యుత్కేంద్రములు కట్టరాదని నిషేధించిరి. కావున రొవానియెమి సంగమమున నేడొక వింత కనబడును. ఒక ప్రక్కనుండి కట్టువడిన నదియు, మఱొక ప్రక్కనుండి స్వేచ్ఛగా పారు నదియు వచ్చి కలియుచున్నవి. ఔనాస్ నదిలో సాల్మను గ్రుడ్లు పెట్టదగిన చోట్లు చెక్కుచెదరక యున్నవి. క్రింది ఆనకట్టల మూలమున చేపయే అచ్చటికి రాజాలకున్నది. సొంత హక్కు కాపాడుకొన్నను, దానికి పోవు త్రోవ ఇతరుల చేతిలో నున్నచో ఫలమెంతో ఈ నది చూపుచున్నది. మన కాలువ చివరి భూముల రైతులకు ఇది వేఱుగా చెప్పనక్కఱలేదు.

నగరము పల్లెలను కలుపుకొనుట

2006 జనవరి 1వ తేదీ వఱకు రొవానియెమి పేరిట రెండు పాలనలుండెను. నడుమ చిన్న నగరమును, దానిని ఉంగరమువలె చుట్టి విశాలమైన గ్రామీణ మండలమును. ఆ దినమున రెండును ఏకమై నేటి మహా విస్తీర్ణము గల నగరమైనది. ఇట్టి కలయికలో పల్లెలకు ఒక భయము సహజము. జనము ఎక్కువగా నున్న చోటికే సభలో ఓట్లును ఎక్కువ. ఓట్లున్న చోటికే సొమ్ము పోవును. పిల్లలు తగ్గిన బడిని, రోగులు తగ్గిన వైద్యశాలను మూయుట లెక్కప్రకారము పొదుపే. కాని బడి మూయబడినచో పడుచు దంపతులు ఆ పల్లెలో నిలువరు, వారు నిలువని పల్లె మఱి తిరిగి లేవదు.

ఈ చిక్కునకు గ్రామీణ మండలము ముందే యొక మార్గము చూచినది. కెమి నది ఎగువ పల్లెలకు 1993లో ఒక ప్రాంతీయ సమితిని ఏర్పఱచి, స్థానిక సేవలను గూర్చి నిర్ణయించు అధికారమును, అందులకు కొంత సొమ్మును అప్పగించినది. కలయిక జరిగిన తరువాత ఇట్టి సమితులను ఇతర పల్లె ప్రాంతములకును విస్తరింపజేసిరి. పల్లెల క్షయము దీనితో పూర్తిగా ఆగినదని చెప్పుటకు వీలులేదు. అయినను ఏది ఉంచవలెను, ఏది వదలవలెనను మాట పల్లెవారు చెప్పుటకు ఒక చోటు దొరకినది.

నేటి నగరమునకు ముఖ్యమైన రాబడులలో యాత్రికుల రాకయు ఒకటి. 1985లో ధ్రువవృత్తముపై క్రిస్మస్ తాతయగు శాంతా క్లాజు పేరిట ఒక కార్యాలయము తెరచిరి. ప్రపంచపు నలుమూలల నుండి పిల్లల యుత్తరములు అచ్చటికి వచ్చును. లాప్లాండు విశ్వవిద్యాలయము 1979 నుండి ఇచ్చట నడచుచున్నది. 1991 వఱకు నదిపై దుంగలను తేలవిడిచి సముద్రపుటొడ్డునకు చేర్చిన కూలీల జ్ఞాపకార్థముగా నదిపై పెద్ద వంతెనకు దుంగకూలీ కొవ్వొత్తి యను అర్థము వచ్చు పేరు పెట్టిరి. యాత్రికులు పెరిగిన కొలది క్రొత్త తగవులును వచ్చినవి. కాపురపు టిండ్లు దినపు అద్దె బసలుగా మారుచుండుటచే ఊరివారికి ఇండ్లు దొరకుట కష్టమగుచున్నదను మొర ఇటీవల వినబడుచున్నది.

సభ్యులకు మనవి

ఆ దేశపు చలి మనకు లేదు, మన జనసమ్మర్దము వారికి లేదు. కాని రెండు దేశములలోను రైతును బాధించు ప్రశ్న యొక్కటే: అందఱిదైన దానిలో ఎవరి వంతు ఎంత? మేత విషయమున వారు ముందుగనే లెక్క వ్రాసికొనిరి. పశువునకు గుర్తు, సభ్యునకు పరిమితి, నష్టమునకు పరిహారము స్థిరపఱచుకొనిరి. ఆ సంఘములు నూఱేండ్లు దాటి నిలిచియున్నవి. నది విషయమున లెక్క తరువాత చూతమనిరి. తరువాత చూచునప్పటికి చేప లేదు.

కావున మన సంఘమున క్రొత్త పని తలపెట్టినప్పుడెల్ల, అది గిడ్డంగి యైనను, ఎత్తిపోతల పథకమైనను, చెఱువులో చేపల పెంపకమైనను, లాభమెంత యని యడుగుటకు ముందు దానివలన నష్టపోవువారెవరు, వారి వంతు ఎట్లు తీర్తుమని సర్వసభ్య సమావేశమున అడిగి, ఆ సమాధానమును తీర్మానముల పుస్తకమున వ్రాయించుడు. పని మొదలైన పిమ్మట ఆ ప్రశ్న యడుగువానికి దొరకునది వ్యాజ్యమే.